2050 నాటి యంత్రానికి మన సరిహద్దు తెలుగు వినపడాలంటే ఇప్పుడేం చెయ్యాలి?

ఋషికుల్య_ఒడ్డు (ఛత్రపురం, గంజాం)

అందరికీ నమస్కారం. రాబోయే పాతికేళ్లలో మనిషి ఎలా మారతాడన్న మాట ఎక్కడ మొదలైనా అంగారకుడి దాకా, మెదడులో చిప్పుల దాకా వెళ్లిపోతుంది. అంత దూరం వెళ్లకుండా మన ఒడ్డు సంగతి మాట్లాడుకుందాం. బ్యాంకు, ఆసుపత్రి, రేషను, తుఫాను కబురు అన్నీ నోటిమాటతో నడిచే రోజు ఇంకెంతో దూరం లేదు. టైపు చెయ్యడం రానివాళ్లకి అది నిజంగా పెద్ద మేలు. మరి ఆ యంత్రం ఏ తెలుగు విని నేర్చుకుంటోంది? ఎక్కువగా వార్తల తెలుగు, పుస్తకం చదివే తెలుగు. మన ఒడిశా తీరంలో గోపాలపురం, ఆర్యపల్లి, మార్కండి రేవుల్లో వలలు బాగుచేసుకునేవాళ్ల ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ కలిసిన మాట. ఆ మాట దాని చెవిన పడనే లేదు.

ఒక్క ఉదాహరణ చాలు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్ల గురించి సూచనలు ఇస్తుంది. ఉపగ్రహం చూసిన పైనీటి వేడి, నీటిలో పచ్చదనం బట్టి రేవు పేరు, దిక్కు, కిలోమీటర్లలో దూరం, మీటర్లలో లోతు చెబుతుంది. రేపు ఒక పెద్దాయన ఫోన్ని పట్టుకుని "ఇయాల ఎన్ని బారల నీట్లో ఉంది?" అంటాడు. బార అంటే ఆరడుగులు, 1.83 మీటర్లు. 30 నుంచి 35 మీటర్లని యంత్రం 16 నుంచి 19 బారలని చెప్పాలి. ఒడియా, తెలుగు కలిపి నేర్చిన యంత్రమైతే "బార"ని 12 అని రాసేసుకుంటుంది, ఒడియాలో 12 అలాగే పలుకుతారు గనక. ఏ పడవ ఎంత లోతుకి వెళ్లాలన్న దగ్గర ఇలాంటి తప్పు జరక్కూడదు.

ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ చెడుతుంది? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

శబ్దతరంగం (బరంపురం)

అన్నా, మంచి చర్చ మొదలెట్టారు. ముందు లెక్క చెబుతాను, చాలామంది ఇది కోట్ల పని అనుకుంటారు.

మాట గుర్తించే యంత్రానికి ఇచ్చే శబ్దం సెకనుకి 16,000 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, ఒకే చానలు. అంటే సెకనుకి 32,000 బైట్లు, గంటకి 115 ఎంబీ. ఇరవై గంటల మాట 2.3 జీబీ, పాత పెన్‌డ్రైవులో పడుతుంది. ఖర్చంతా రాత దగ్గరే. గంట మాటని విని, తప్పుల్లేకుండా రాసి, ఇంకొకరు సరిచూడాలంటే అలవాటైన మనిషికి ఒక పనిరోజు పోయినట్టే.

సున్నా నుంచి మొదలెట్టక్కర్లేదు. 2022లో ఓపెన్‌ఏఐ అందరికీ ఇచ్చేసిన, మాట విని రాసే విస్పర్ అనే నమూనా 6,80,000 గంటల శబ్దం మీద తయారైంది. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ వాళ్లు మన దేశ భాషల కోసమే నమూనాలు చేసి బయట పెట్టారు. వాటికి తెలుగు వచ్చు. మన యాసకి వాటిని అలవాటు చెయ్యడమే మన పని. దానికి వందల గంటలు అక్కర్లేదు, పది ఇరవై గంటల శుభ్రమైన మాటతోనే తేడా కనపడుతుంది. శుభ్రమైన అన్నమాటే కష్టం.

వాట్సాప్‌లో వాయిస్ పంపించమని అడక్కండి. అది శబ్దాన్ని బాగా కుదించేస్తుంది, పైస్థాయి శబ్దాలు పోతాయి, స, శ, ష ఒకటైపోతాయి. ఫోన్లో గోల తగ్గించే ఏర్పాటు ఉంటే ఆపెయ్యండి, అది మాట చివరి అచ్చుల్ని కూడా గోలనుకుని మింగేస్తుంది. మన యాసలో అర్థం చాలావరకు మాట చివరే ఉంటుంది. వేవ్ ఫైలుగా దాచే రికార్డింగ్ యాప్ ఒకటి పెట్టుకుని, ఫోను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి పట్టండి. తిన్నగా ఎదురుగా పెడితే ప, బ, భ అన్నప్పుడల్లా ఊపిరి కొట్టి దబదబమంటుంది. ఒడ్డున గాలి ఉంటుంది కాబట్టి మైకు మీద పల్చటి స్పాంజి ముక్క తప్పదు. ఇంట్లో అయితే ఫ్యాను ఆపాలి.

కాగితం ఇచ్చి చదివించకండి. కాగితం చూడగానే మనిషి పుస్తకం తెలుగులోకి వెళ్లిపోతాడు. "వొచ్చీసినాడు" అనేవాడు "వచ్చేశాడు" అని చదువుతాడు, మనకి కావలసిందే పోతుంది. బొమ్మ చూపించి ఇందులో ఏం జరుగుతోందని అడగండి. సంతకెళ్లే దారి చెప్పమనండి, నిన్నటి చేపల ధర అడగండి, వల ఎలా అల్లాలో చెప్పమనండి. దాన్ని 30 సెకన్లలోపు ముక్కలుగా కొయ్యండి, విస్పర్ తీసుకునే ముక్క అంతే.

మాటల మధ్య పొడుగాటి మౌనం ఉంటే కోసి పారెయ్యండి. విస్పర్‌కి ఒక జబ్బుంది: ఏమీ వినపడని చోట కూడా ఏదో ఒకటి కల్పించి రాస్తుంది. తుఫాను కబురు లాంటి చోట అది ప్రమాదం.

కొరాపుట్_కొండగాలి (జయపురం)

పని గురించి చెప్పింది బాగుంది, కానీ ముందు ఒక ప్రశ్న. ఇప్పటి పిల్లలు ఒడియా, ఇంగ్లీషు మీడియంలలో చదువుతున్నారు. 2050కి ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతమంది మిగులుతారు? పోయే మాట కోసం ఇంత శ్రమ పడే బదులు ఆ పిల్లలకే ఒడియా బాగా నేర్పిస్తే యంత్రంతో వాళ్లే మాట్లాడుకుంటారు కదా. పైగా మా కొండల్లో కువి, గదబ, సవర మాట్లాడేవాళ్లు ఉన్నారు. వాళ్లకి ఉన్న ఇబ్బంది ముందు మన ఇబ్బంది చిన్నది.

పర్లాకిమిడి_మేష్టారు (గజపతి)

కొండగాలి గారూ, మీ రెండో మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. మొదటిదానితో కాదు.

పిల్లవాడు ఒడియా నేర్చుకున్నంత మాత్రాన వాళ్ల నాయనమ్మ మాట యంత్రానికి అర్థం కాదు. ఆసుపత్రిలో నొప్పి ఎక్కడో చెప్పుకోవలసింది ఆవిడ. ఒంట్లో బాధ చెప్పుకునేటప్పుడు ఎవరికైనా మొదటి భాషే నోటికొస్తుంది. పాతికేళ్ల తర్వాత డెబ్భై ఏళ్లు నిండేవాళ్లు ఇప్పుడు నలభై అయిదు దాటినవాళ్లే, వాళ్లందరూ మన మధ్యనే ఉన్నారు. పోయే మాట అని ఎలా అనగలం?

గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూనే సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకి ఆ భాషలోనే చదువు చెప్పించాలని పుస్తకాలు రాశారు. వాడుక తెలుగు రాతలోకి రావాలని పోరాడిందీ ఆయనే. తెలుగు, సవర ఒకదానికొకటి అడ్డని ఆయన అనుకోలేదు. ఇక్కడ తయారయ్యే పద్ధతి, రాత నియమాలు, సమ్మతి కాగితం, సరిచూసే తీరు అన్నీ రేపు కువికీ సవరకీ పనికొచ్చేలా రాసిపెడదాం. విస్పర్‌కి తెలుగు వచ్చు, సవర రాదు. అందుకని ఆ పనికి గంటలు చాలా ఎక్కువ కావాలి, అది మాత్రం ముందే తెలుసుకోవాలి.

అసలు చిక్కు లిపి దగ్గర ఉంది. మన కుర్రాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందికి తెలుగు రాయడం రాదు. ఒడియా లిపిలో తెలుగు రాసిస్తామంటారు. సాయం వద్దనలేం, కానీ ఒడియాలో హ్రస్వ ఎ, ఒ లేవు. మెడ, మేడ ఒకేలా రాస్తారు. కొన, కోన ఒకేలా రాస్తారు. అలా రాసినదాన్ని కంప్యూటర్‌తో తెలుగు లిపిలోకి మారిస్తే ప్రతి ఎ ఏ అయిపోతుంది, లేదా ప్రతి ఏ ఎ అయిపోతుంది. యంత్రానికి ఆ తప్పే పాఠమవుతుంది. నా సూచన: ఒడియా లిపిలో రాసేవాళ్లు పొట్టి ఎ, ఒ వచ్చిన ప్రతి అక్షరం తర్వాత ఒక చుక్క గుర్తు పెట్టాలి. తెలుగు చదవగలిగిన పెద్దవాళ్లు రెండోసారి వింటూ ఆ చుక్కల్ని సరిచూడాలి. ఇద్దరికీ పని ఉంటుంది, ఇద్దరూ ఒకరి లిపి ఒకరు పట్టుకుంటారు. వర్ణమాల వరస రెండింటిలోనూ ఒకటే కాబట్టి ఒడియా వచ్చిన పిల్లవాడు కొత్తగా నేర్చుకోవలసింది ఆకారాలు, ఆ రెండు హ్రస్వాలు, వాటి గుణింతపు గుర్తులు, అంతే.

ప్రాణహిత_సిరోంచ (గడ్చిరోలి)

మేష్టారు చెప్పిన బాధనే మా దిక్కు కూడ ఉంది. మా పిల్లలు మరాఠీ బళ్లల్ల చదువుతరు, నాగరి లిపిల రాస్తరు. మరాఠీల కూడ పొట్టి ఎ, ఒ లేవు. సిరోంచ, అంకిస, అసరెల్లి, ఇటు రాజురా, అటు దెగ్లూర్, ధర్మాబాద్, అంతట ఇదే లెక్క. చుక్క పెట్టుడు మంచి ఉపాయం, నాగరికి కూడ అదే గుర్తు పెట్టుకుంటే రెండు రాష్ట్రాల పని ఒక్క తీరుగ ఉంటది.

కని ఇంకోటి చూడాలె. మా దిక్కు రైతు బ్యాంకుకు పోతె మొదలు అడిగేది సాత్‌బారా, అంటె భూమి కాగితం. తెలుగుల మాట్లాడుకుంటనే సాత్‌బారా, తలాఠీ, తాలూకా అన్నీ వస్తయి. యంత్రం సాత్‌బారాను 7, 12 అని అంకెలు ఏస్తది. మీ బార 12 అయితుంది, మా బారా కూడ 12 అయితుంది, రెండూ తప్పే. గందుకే రాసేటప్పుడు అంకెలు అంకెలుగ రాయొద్దు. మనిషి ఏమన్నడో గదే అక్షరాలల్ల రాయాలె. ఇరవై అయిదు అన్నడా, పచ్చీస్ అన్నడా, పంచవీస్ అన్నడా, అన్నది అన్నట్టు. అంకెల కింద మార్చే పని తర్వాత వేరే ప్రోగ్రాంతోని చేసుకోవచ్చు. మొదలే 25 అని రాస్తె మల్ల యెనకకు రాదు.

తుఫాన్లు మాకు లేవు, వరదలున్నయి. 2022 జులైల గోదావరి ఎంత పొంగిందో అందరికి ఎరుకే. అసొంటప్పుడు కరెంటు పోతది, టవరు పోతది. గప్పుడు ఈ యంత్రం ఏం పనికొస్తది? ఎవరన్న చెప్పుండ్రి.

సౌరదీపం (రాయగడ)

సిరోంచ తమ్ముడు అడిగింది అసలైన ప్రశ్న. నెట్ మీద ఆధారపడే ఏ భవిష్యత్తూ మన జిల్లాల్లో సగం రోజులు పనిచెయ్యదు. యంత్రం ఊళ్లోనే ఉండాలి, దాని కరెంటు ఊళ్లోనే పుట్టాలి.

విస్పర్‌లో స్మాల్ అనే సైజుకి 24.4 కోట్ల పరామితులు, అంటే నేర్చినదాన్ని దాచుకునే అంకెలు. ఒక్కోదానికి 2 బైట్ల చొప్పున 490 ఎంబీ. 4 బిట్లకి కుదిస్తే ఇంచుమించు పావు వంతు. చేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు మీద నడుస్తుంది, 5 నుంచి 7 వాట్లు తింటుంది. రోజంతా ఆన్‌లో ఉంచితే 120 నుంచి 170 వాట్ గంటలు. 12.8 వోల్టుల, 50 ఆంపియర్ గంటల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో 640 ఉంటాయి, 90 శాతం వాడుకోవచ్చు, అంటే 576. మూడు రోజులు మబ్బు పట్టినా యంత్రం ఆగదు. 100 వాట్ల సోలార్ పలక మామూలు ఎండలో రోజుకి 300 దాకా ఇస్తుంది.

జనం ఫోన్లు తెచ్చి ఛార్జింగుకి పెడితే మాత్రం ఈ లెక్క తప్పుతుంది. ఒక్కో ఫోనుకి నష్టాలతో కలిపి 20 వాట్ గంటలు. పదిహేను ఫోన్లంటే ఆ రోజు ఎండ మొత్తం పోయినట్టే. వద్దంటే ఊరు వినదు, వినకూడదు కూడా. అందుకని ఫోన్లకి వేరే పలక, వేరే బ్యాటరీ పెట్టండి. రెండింటినీ ఎప్పుడూ కలపొద్దు.

తీరంలో ఉప్పుగాలి మూడు చోట్ల కొడుతుంది: నట్లు, వైరు చివర్లు, ఛార్జ్ కంట్రోలరు. అల్యూమినియం చట్రానికి మామూలు ఇనుప నట్టు పెడితే రెండు లోహాల మధ్య తుప్పు పరుగెడుతుంది. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు నట్లే వాడాలి. వైరు చివర్లకి సిలికాన్ గ్రీజు పూయాలి. కంట్రోలరు ఇంటి లోపలే ఉండాలి.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 215 కిలోమీటర్లు. సెకనుకి 60 మీటర్లనుకోండి. కట్టడాల లెక్కలో వాడే సూత్రం ప్రకారం చదరపు మీటరుకి 2,100 న్యూటన్ల పైన ఒత్తిడి. 100 వాట్ల పలక వైశాల్యం 0.65 చదరపు మీటరు, అంటే దాని మీద 140 కిలోల బరువు పడ్డట్టే, అదీ పైకి లేపే దిక్కున. ఏ రేకు పైకప్పూ దానికి ఆగదు. కాబట్టి పలకని చేత్తో విప్పగలిగే నట్లతో బిగించి, హెచ్చరిక రాగానే దించి లోపల పెట్టెయ్యాలి. దించే మనిషి ఎవరో, ఆయన ఊళ్లో లేకపోతే ఇంకెవరో ముందే రాసి గోడకి అంటించండి. పలక కన్నా ఆ కాగితానికే విలువ ఎక్కువ.

ఋషికుల్య_ఒడ్డు

సౌరదీపం గారూ, ఈ లెక్కలు బంగారం. హెచ్చరిక సంగతి వచ్చింది కాబట్టి ఒకటి కలుపుతాను.

మన దేశంలో విపత్తు సందేశాలు సచేత్ అనే వ్యవస్థ ద్వారా వెళ్తున్నాయి. దాని వెనక ఉన్నది కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ పద్ధతి. అందులో ఒకే హెచ్చరికకి ఎన్ని భాషల భాగాలైనా పెట్టవచ్చు, ఒక్కో భాగానికీ భాష పేరు చెప్పే చోటు ఉంది. అంటే ఒడిశాలో ఇచ్చే కబురుకి తెలుగు భాగం కలపడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. అడగాలి, అంతే. గంజాం తీరానికి, గజపతి కొండలకి ఒడియాతో పాటు తెలుగు భాగం పెట్టమని జిల్లా విపత్తు విభాగానికి రాతపూర్వకంగా అడుగుదాం. మేష్టారి మాట ప్రకారం గజపతికి సవర భాగం కూడా అదే కాగితంలో అడగాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతిలో ఎక్కువ ప్రాణాలు తీసింది కొండచరియలే, ఒడ్డున గాలి కాదు. కొండమీద ఉన్నవాళ్లకి "తీరం దాటుతుంది" అన్న కబురుతో ఏం చెయ్యాలో తెలియదు.

రేవులో లౌడ్‌స్పీకరు పెట్టి, ఊళ్లో ఉన్న చిన్న యంత్రం ఆ సందేశాన్ని మన మాటలో చదివేలా చెయ్యవచ్చు. ఒక్క షరతు: యంత్రం సొంతంగా మాటలు కూర్చకూడదు. ముందే మనుషులు మాట్లాడి పెట్టిన ముక్కల్ని, అంటే దిక్కు, దూరం, వేళ, వెళ్లాల్సిన ఆశ్రయం పేరు, వరసగా కలిపి వినిపించాలి. ప్రాణాల మీదకి వచ్చే చోట కల్పనకి చోటు ఇవ్వొద్దు.

కొరాపుట్_కొండగాలి

సవర, కువి కూడా అదే పద్ధతిలోకి వస్తాయంటే నేను రాత పనిలో ఉంటాను. ఇంకో భయం చెప్పాలి. మన గొంతులన్నీ ఒకచోట పోగైతే వాటితో ఎవరైనా మోసం చేస్తే? కొన్ని సెకన్ల మాట దొరికితే చాలు, గొంతు అచ్చం అలాగే తయారు చేస్తున్నారు.

శబ్దతరంగం

భయం నిజమే. పోగుచేసిన మాటలతో పేరు, ఊరు, ఫోను నెంబరు ఒకే ఫైలులో ఉంచకండి. మాట్లాడే మనిషికి ఒక అంకె ఇవ్వండి, ఆ అంకెకీ పేరుకీ లంకె కాగితం మీదే ఉండాలి, కంప్యూటర్‌లో కాదు. సమ్మతి సంతకంతో పాటు గొంతులో కూడా తీసుకోండి: ఎందుకు వాడతాం, ఎవరికి ఇస్తాం, ఎప్పుడు వద్దన్నా తీసేస్తాం అని వాళ్ల యాసలోనే చెప్పి, అవునన్న మాట రికార్డు చెయ్యండి. 18 ఏళ్ల లోపు పిల్లల గొంతు అయితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం ప్రకారం తల్లిదండ్రుల అనుమతి ఉండి తీరాలి. ఒకసారి యంత్రానికి నేర్పేశాక ఒక గొంతుని అందులోంచి వెనక్కి తియ్యడం కుదరదు, ఫైలు చెరపగలం గానీ నేర్చింది చెరపలేం. ఆ సంగతీ దాచకుండా చెప్పాలి.

ఇక ఇళ్లలో మనమే మారాలి. కొడుకు గొంతుతో "అర్జంటుగా డబ్బు పంపు" అని ఫోను వస్తే, అది కొడుకు గొంతే అని నమ్మే రోజులు పోయాయి. ప్రతి ఇంట్లో బయటివాళ్లకి తెలియని ఒక మాట అనుకోండి, డబ్బు ఊసు వచ్చినప్పుడు అది అడగండి. చెప్పలేకపోతే పెట్టేసి, మీ దగ్గర ఉన్న పాత నెంబరుకి మీరే తిరిగి చెయ్యండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల నెంబరు 1930కి చెయ్యాలి, ఆలస్యమైతే ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

యంత్రానికి కూడా ఇదే నియమం పెట్టాలి. ఎంత మొత్తం, ఎవరికి అన్నది విన్న తర్వాత తిరిగి మన మాటలోనే చదివి, అవునా కాదా అని అడిగి, అవునంటేనే ముందుకెళ్లాలి.

ప్రాణహిత_సిరోంచ

ఒక్క ప్రశ్న అన్నా. మీ గంజాం మాటలు, మా గోదారి మాటలు కలిపి ఒక్కటే యంత్రానికి నేర్పాల్నా, వేరేవేరేనా? ఎంత నేర్చిందో ఎట్ల కొలుస్తరు?

శబ్దతరంగం

నేర్పేటప్పుడు కలపండి, కొలిచేటప్పుడు విడగొట్టండి తమ్ముడూ. యాసలు వేరైనా పదాల్లో చాలావరకు ఒకటే, కలిస్తే రెండిటికీ లాభం. పరీక్షకి మాత్రం గంజాంకి ఒక గంట, గడ్చిరోలికి ఒక గంట వేరుగా పక్కన పెట్టండి. ఆ గంటలో మాట్లాడిన మనుషులు నేర్పే మాటల్లో ఒక్క ముక్కలో కూడా ఉండకూడదు. ఉంటే యంత్రం యాసకి బదులు ఆ గొంతుని గుర్తుపడుతుంది, మార్కులు బాగా వస్తాయి, రేవులోకి తీసుకెళ్తే తేలిపోతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. పరీక్షలో సగంమంది ఆడవాళ్లు, మూడో వంతు అరవై దాటినవాళ్లు ఉండేలా చూడండి.

కొలత ఇలా: పది మాటల వాక్యంలో రెండు తప్పుగా రాసి ఒకటి వదిలేస్తే తప్పుల శాతం 30. తెలుగుకి ఇది ఒక్కటే చాలదు. "వెళ్లి పోయాడు" అని విడగొట్టినా, "వెళ్లిపోయాడు" అని కలిపినా మనకి ఒకటే, లెక్కలో మాత్రం రెండు తప్పులు పడతాయి. అందుకని అక్షరాల తప్పుల శాతం కూడా తీసి పక్కపక్కన పెట్టండి. పోల్చే ముందు రాతనంతా యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చండి. ఐత్వం ఒకే కోడుగానూ రావచ్చు, రెండు ముక్కలుగానూ రావచ్చు, కంటికి తేడా తెలియదు, యంత్రానికి అవి రెండు వేరు మాటలు. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల మధ్య కనపడకుండా కూర్చునే విడదీత గుర్తుని కూడా తీసేసి పోల్చండి.

మొదటి విడతగా రేవులకి వెళ్లేటప్పుడు సంత ధరలు, దారులు, ఒంటి నొప్పులు, పొలం కాగితాలు, వాతావరణం, ఈ అయిదు విషయాల మీదే అడగండి. మార్కండి, సోనాపూర్, రామయపట్నం వైపు ఎవరు వెళ్లగలరో ఋషికుల్య అన్న చెప్పాలి. సముద్రం కోసెయ్యడంతో పాత చోటు వదిలిన పోడంపేటవాళ్లని ముందు కలవండి, వాళ్ల పెద్దవాళ్లు చెప్పే పాత ఒడ్డు పేర్లు ఏ మ్యాపులోనూ లేవు.